412, 186 దగ్గర రంగు

ఉదయం 8:50. తార్నాక మెట్రో స్టేషన్ కింద, టీ బండి దగ్గర సామేలు చనిపోయాడు.

వయసు 61. యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. టీ బండి యజమాని చెప్పిన ప్రకారం సగం కప్పు తాగాడు, కప్పు బల్ల మీద పెట్టాడు, మెట్రో పిల్లరుకు ఆనుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గుండెపోటు అనుకున్నారు. కుడి భుజం వెనక సూది గుర్తు ఉందని ఆసుపత్రిలో డాక్టర్ 9:35కు రాసింది.

సామేలుకు ఇంకో పని ఉండేది. అది అతని భార్యకు తెలియదు. పదకొండేళ్లుగా అతను ఒక నిఘా యూనిట్‌కు కొరియర్. ఆ రోజు 9:00 గంటలకు ఒక పెన్‌డ్రైవ్ అందించాలి. పెన్‌డ్రైవ్ దొరకలేదు. కళ్లజోడు డబ్బాలో, గుడ్డ కింద, మడిచిన కాగితం ఒకటి దొరికింది. దాని మీద బాల్‌పెన్నుతో రెండు సంఖ్యలు ఉన్నాయి. 412, 186.

అందుకోవాల్సిన మనిషి పేరు దయాకర్. వయసు 41. 9:00 గంటలకు అతను రోడ్డు అవతల బస్టాపులో ఉన్నాడు. సామేలును స్ట్రెచర్ మీద ఎక్కించడం చూశాడు. రోడ్డు దాటలేదు. దాటకూడదన్నది రూలు.

10:15కు హబ్సిగూడలో బ్రీఫింగ్ జరిగింది. ఉప్పల్ రోడ్డు మీద ఒక టిఫిన్ సెంటర్ ఉంది. దాని పైన మూడో అంతస్తులో ట్యాక్స్ కన్సల్టెంట్ బోర్డున్న ఫ్లాట్ ఉంది. యూనిట్ ఆఫీసు అదే. ఏడుగురు పనిచేస్తారు. రోజూ సాయంత్రం 6:00 గంటలకు ఏడుగురూ ఒకే గదిలో కూర్చుంటారు. యూనిట్ అధిపతి వేదవతి, 58. సొంత ఊరు తెనాలి. ఆమె ఫైలు తెరవకుండానే దయాకర్‌ను అడగడం మొదలుపెట్టింది.

"శ్రీలలితను మీరు చూసి ఎన్నాళ్లయింది?"

"ఇరవై మూడు రోజులు, మేడమ్."

"ఫోన్?"

"లేదు. మీరు వద్దన్నారు."

"అవును. నేనే అన్నాను."

శ్రీలలిత వయసు 36. క్యాంపస్‌లో గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీ. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఆమె ఎర్ర స్కూటీ దిగి చలువ కళ్లద్దాలు తీస్తే, మెట్ల మీద కూర్చున్న విద్యార్థులు మాటలు ఆపేవారు. మూడేళ్ల క్రితం ఒక విదేశీ ముఠా ఆమెను సంప్రదించింది. అదే రోజు ఆమె యూనిట్‌కు చెప్పింది. ఒప్పుకోమని యూనిట్ చెప్పింది. అప్పటి నుంచి ఆమె డబుల్ ఏజెంట్. ముఠాకు సందేశాలు రాసి పంపుతుంది. ప్రతి సందేశం కాపీ సామేలు చేతికిస్తుంది.

పంపే పద్ధతి ఇది. ఆమెకు ఆన్‌లైన్‌లో చుక్కల ముగ్గుల చానల్ ఒకటి ఉంది. చూసేవాళ్లు పంతొమ్మిది వేల మంది. రోజూ సాయంత్రం 4:00 గంటలకు ఒక ముగ్గు వస్తుంది. నల్లటి నేల, తెల్లటి చుక్కలు, 21 వరుసలు, వరుసకు 21. ఆమే రాసుకున్న డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో, కాన్వాస్ అనే తెర మీది ఖాళీ పలకపై గీస్తుంది. కంప్యూటర్‌కు ప్రతి రంగూ మూడు సంఖ్యలు: ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. తెలుపంటే మూడూ 255. సందేశం ఉన్న రోజు కొన్ని చుక్కల్లో ఎరుపు 254 అవుతుంది. ఆ తేడా కంటికి కనిపించదు. బొమ్మలోని అతి చిన్న గడిని, అంటే పిక్సెల్‌ను, ఒక్కొక్కటిగా చదివే ప్రోగ్రాం ఉంటే కనిపిస్తుంది. ముగ్గుకు ఎనభై ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి.

ముగ్గు దేశం బయట ఎవరో చదువుతారు. చంపేవాళ్లను పంపేది కూడా వాళ్లే.

యూనిట్‌లో ప్రోగ్రాంలు రాసేది పూర్ణిమ. వయసు 26, ఉండేది సీతాఫల్‌మండి. నిన్నటి ముగ్గును ఆమె ఉదయమే చదివింది. ప్రింటు బల్ల మీద పెట్టింది. తార్నాక, మెట్రో, టీ, 0850.

"సామేలు సార్ రోజు ఆడనే తాగుతడు," అని పూర్ణిమ చెప్పింది.

ముగ్గు వేసేది శ్రీలలిత ఒక్కతే కదా అని వేదవతి అడిగింది. అవునన్నాడు దయాకర్. అయితే సామేలును చంపించింది ఎవరని అడిగింది. దయాకర్ కాగితం వైపు చూపించాడు.

కొరియర్ విషయంలో యూనిట్‌కు ఒక పద్ధతి ఉంది. తాళం, చెవి ఒకే చేతికి ఇవ్వరు. రహస్యం బొమ్మలో ఉంటుంది. ఎక్కడ వెతకాలో కొరియర్‌కు తెలుస్తుంది, ఏముందో తెలియదు. 412, 186 అంటే కాన్వాస్ మీద ఒక చోటు. ఎడమ నుంచి 412వ పిక్సెల్, పై నుంచి 186వది. అక్కడ చుక్క లేదు, గీత లేదు, నల్లటి నేల మాత్రమే ఉంది.

చుక్కల బయట ఒకే ఒక పిక్సెల్‌లో రంగు మార్చడం దయాకర్, శ్రీలలిత కలిసి పెట్టుకున్న సంకేతం. గంట, నిమిషం, చోటు. మూడు సంఖ్యలు, మూడు రంగులు. ఒక్కసారే వాడాలి. నా సంగతి వాళ్లకు తెలిసిపోయింది, రేపు ఆ టైముకు ఆ చోటికి వచ్చి నన్ను తీసుకుపో అని దానర్థం. ఏ సంఖ్య ఏ చోటో వాళ్లిద్దరికే తెలుసు.

"మీరే చూడండి," అంది వేదవతి. "ఉంటే ఇప్పుడే బండి పంపిస్తాను."

పూర్ణిమ నిన్నటి ముగ్గును తన ప్రోగ్రాంలో తెరిచింది. ప్రోగ్రాం కిటికీ కింది అంచున మౌస్ ఉన్న చోటు, అక్కడి రంగు కనిపిస్తాయి. దయాకర్ మౌస్ పట్టుకున్నాడు. అడ్డంగా 412 దగ్గర ఆపాడు. నిలువుగా 186కు తెచ్చాడు. ఒకసారి దాటిపోయి 187 చూపించింది. సరిచేశాడు.

0, 0, 0.

మళ్లీ చూశాడు. పూర్ణిమను చూడమన్నాడు. ఆమెకూ అంతే వచ్చింది. నలుపు.

10:50కు వేదవతి ఒక కాగితం టైపు చేయించింది. ఏజెంట్ నుంచి సహాయం కోరుతూ ఏ సంకేతమూ లేదని అందులో ఉంది. కింద దయాకర్ సంతకం చేశాడు.

అతనికి ఆ సంతకం ఎందుకు కష్టమైందో చెప్పాలంటే తార్నాక ఇంటి సంగతి చెప్పాలి.

మూడేళ్ల క్రితం శ్రీలలితకు రక్షణగా, ఆమెకూ యూనిట్‌కూ మధ్య మనిషిగా దయాకర్‌ను వేశారు. కవర్ స్టోరీ ప్రకారం ఇద్దరూ భార్యాభర్తలు. అతను పెయింట్ కంపెనీలో సేల్స్ ఆఫీసర్. తార్నాకలో ప్రమీలమ్మ అనే ఆవిడ ఇంట్లో పై పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. గుమ్మం బయట శ్రీలలిత అతన్ని 'ఏవండీ' అనేది. తలుపు వేశాక 'దయాకర్ గారూ' అనేది. సాయంత్రాలు అతనికి ప్రోగ్రామింగ్ నేర్పేది. గీత గీయడం, చుక్క పెట్టడం, రంగు చదవడం. రెండో ఏడాది ఆగస్టులో ఒకరోజు, తలుపు వేసి ఉండగా, ఏవండీ అంది. అతను పలికాడు. దాని గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత ఆమె ఇంకోలా పిలవలేదు.

ఈ సంగతి యూనిట్‌కు చెప్పింది దయాకరే. నెల క్రితం రిపోర్టులో ఒక వాక్యం రాశాడు. వేదవతి అతన్ని అదే వారం తప్పించింది. కారణం శ్రీలలితకు చెప్పకూడదని ఆర్డర్. అతను చెప్పలేదు. ఉదయం ఆరున్నరకు షేవింగ్ సామాను, రెండు జతల బట్టలు తీసుకుని బయటికి వచ్చాడు. ఆమె క్లాసుకు నోట్స్ రాసుకుంటోంది. సాయంత్రం వచ్చేటప్పుడు ప్రింటరు ఇంకు తెమ్మంది.

ఇరవై మూడు రోజులు. ఆమె ముఠా వైపు తిరిగిందంటే కారణం తనేనా అన్నది అతను ఎవరినీ అడగలేని ప్రశ్న.

ఇల్లు సోదా చేయమని ఆర్డర్ వచ్చింది. 12:40కు దయాకర్ ఇంటర్నెట్ మెకానిక్ వేషంలో తార్నాక చేరాడు. టోపీ, మాస్కు, భుజాన కేబుల్ చుట్ట, మెడలో ఐడీ కార్డు. కార్డులో మైక్ ఉంది. ప్రమీలమ్మ గేటు దగ్గర చింతపండు పిక్క తీస్తోంది.

"నెట్టు రిపేర్, అమ్మా," అన్నాడు గొంతు మార్చి.

ఆమె తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది.

"టోపీ పెట్టుకుంటె మనిషి మారుతడా, దయాకర్?"

అతను టోపీ తీశాడు. నిజామాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ అయిందని, చెప్పే టైము లేకపోయిందని అన్నాడు.

"నిజామాబాద్ పోయినోడు వైర్లు మోస్కుంట గీడికెందుకొచ్చిండు? మందు గిట్ల మొదలువెట్టినవా బిడ్డా?"

లేదన్నాడు. పైకి వెళ్లి వైరు చూసి వస్తానన్నాడు. ఆమె తాళంచెవి ఇచ్చింది. కానీ చెయ్యి వదల్లేదు.

"నీ పెండ్లాం పొద్దుగాల సంచి పట్టుకొని పోయింది. మీ ఆయన కాడికా అని అడిగిన. నవ్వింది. ఏడ్పొస్తె ఆపుకున్నట్టు నవ్వింది. ఇంత మంచి పిల్లను గిట్ల ఇడిచిపెట్టి పోతరా ఎవలన్న?"

పైన రెండు గదులు సోదా చేయడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. పెన్‌డ్రైవ్ లేదు. నీలం ప్రయాణం సంచి లేదు. పాస్‌పోర్టు అల్మారాలోనే ఉంది. దయాకర్ ఫోన్‌లో రిపోర్టు చేశాడు. సంచి లేదన్నాడు, పాస్‌పోర్టు ఉందన్నాడు. ప్రమీలమ్మ నవ్వు గురించి చెప్పిన మాట చెప్పలేదు. ఐడీ కార్డు మైకులో అది అప్పటికే రికార్డయింది. వేదవతి విన్నది. రిపోర్టులో చేర్చలేదు.

ఏజెంట్ పారిపోతోందన్నది యూనిట్ అంచనా. సాయంత్రం 4:00 గంటల ముగ్గులో ఏదో పోతుంది. దాన్ని ఆపాలి, ఆమెను పట్టుకోవాలి. ఎవరు వెళతారని వేదవతి అడిగింది. దయాకర్ తనే వెళతానన్నాడు. వద్దని పూర్ణిమ అంది.

"మీరొద్దు సార్. నేను పోత."

"నువ్వు చిన్నదానివి, ఆగు," అన్నాడు.

వేదవతి అతనికి ఆ రోజు కోడ్ వాక్యం ఇచ్చింది. యూనిట్ లైనుకు ఫోన్ చేస్తే అవతల నుంచి, కూరగాయలు ఎక్కడివని అడుగుతారు. మోండా మార్కెట్‌వి అని చెప్పాలి.

మధ్యాహ్నం 3:46కు దయాకర్ క్యాంపస్‌లో ఉన్నాడు. డిపార్ట్‌మెంట్ పాత భవనం, బేస్‌మెంట్‌లో గ్రాఫిక్స్ ల్యాబ్. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. తలుపు దగ్గర అటెండర్ బుచ్చిరాములు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. దయాకర్‌ను మేడమ్ గారి భర్తగా ఎరుగు.

"మేడమ్ మూడున్నరకె పోయింది సార్. బయట పనున్నదన్నది."

"ల్యాబ్‌లో ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు. రత్నాకర్ సార్ ఉండె. గాయన సుత మేడమ్ ఎనకనె పోయిండు."

రత్నాకర్ ఆ ల్యాబ్ సిస్టం అడ్మినిస్ట్రేటర్. వయసు 49. యూనిట్ ఫైల్లో అతని గురించి ఒకే వాక్యం ఉంది: సమస్య లేదు.

దయాకర్ శ్రీలలిత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమె పాస్‌వర్డ్ అతనికి తెలుసు. ఆమె మార్చలేదు. ఈ రోజు పంపాల్సిన ముగ్గు ఫోల్డర్‌లో ఉంది. పూర్ణిమ ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి చుక్కలు చదివించాడు. 3:49కు అక్షరాలు వచ్చాయి. హబ్సిగూడ, టిఫిన్ సెంటర్ పైన, మూడో అంతస్తు, ఏడుగురు, 1800.

ఫైలు వివరాలు చూశాడు. శ్రీలలిత దాన్ని 2:40కు సేవ్ చేసింది. 3:22కు మళ్లీ సేవ్ అయింది. సేవ్ చేసిన అకౌంట్ రత్నాకర్‌ది. నిన్నటి ముగ్గు వివరాలు చూశాడు. అదీ అంతే. ఆమె 3:05కు ముగించిన ముగ్గును రత్నాకర్ 3:51కు మళ్లీ సేవ్ చేశాడు. చుక్కలు మార్చింది అతను, ముఠా మనిషి. సామేలు పేరు మీద చావు రాసింది ఆమె కాదు.

తెర మీది కిటికీ మూశాడు. దాని కింద నిన్నటి ముగ్గు ఆమె ప్రోగ్రాంలో తెరిచే ఉంది. బొమ్మ మొత్తం కనిపించడం లేదు. కుడి పక్కన, కింద జరిపే పట్టీలు ఉన్నాయి. బొమ్మ అసలు సైజు 1080 పిక్సెళ్లు. ఈ ప్రోగ్రాం దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

ఉదయం పూర్ణిమ ప్రోగ్రాంలో పట్టీలు లేవు. బొమ్మ మొత్తం ఒకేసారి కనిపించింది. అంటే 1080ని 720కి కుదించి కాన్వాస్‌లో పట్టించింది. మౌస్ చూపించిన 412, 186 కాన్వాస్‌వి. బొమ్మవి కావు. దయాకర్ ఉదయం చదివింది ఇంకెక్కడిదో పిక్సెల్.

ఈ పొరపాటు నేర్చుకునేవాళ్లందరూ చేస్తారని శ్రీలలిత అతనికి మొదటి వారంలోనే చెప్పింది.

మౌస్ తెచ్చి పెట్టాడు. 412. 186.

16, 10, 2.

నలుపు పక్కన ఆ రంగు నలుపులాగే ఉంటుంది. పదహారు గంటల పది నిమిషాలు. రెండో చోటు. రెండో చోటంటే సీతాఫల్‌మండి స్టేషన్, ప్లాట్‌ఫాం మీద చివరి బెంచీ.

టైము 3:52.

ల్యాబ్ నుంచి స్టేషన్ రెండున్నర కిలోమీటర్లు. అప్పుడే లేస్తే 4:10కు ముందే చేరతాడు. 4:00 గంటలకు ముగ్గు వెళ్లిపోతుంది. పంపేది వేరే గదిలో ఉన్న సర్వర్. దాని తాళం రత్నాకర్ దగ్గర ఉంది. ఈ కంప్యూటర్ ఆపేసినా చివరిగా సేవ్ అయిన కాపీ వెళుతుంది. ఆపే దారి ఒక్కటే: 4:00 లోపు ఫైల్లో చుక్కలు మార్చి మళ్లీ సేవ్ చేయాలి.

దయాకర్ తన ఫోన్ తీసి లాక్ తెరిచి బుచ్చిరాములు చేతిలో పెట్టాడు. యూనిట్ నంబరు చూపించాడు. పైకి వెళ్లి ఫోన్ చేయమన్నాడు. సీతాఫల్‌మండి స్టేషన్, 4:10, మేడమ్ ప్రాణం ప్రమాదంలో ఉంది, బండి పంపండి. ఇంతే చెప్పమన్నాడు. బుచ్చిరాములు రెండుసార్లు వల్లించి మెట్లెక్కాడు. అరవై ఏళ్ల మనిషి, రెండు మెట్లు ఒకేసారి ఎక్కాడు.

దయాకర్ రాయడం మొదలుపెట్టాడు. లూప్ నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ప్రతి పిక్సెల్ రంగు చదువు. ఎరుపు 254, మిగతావి 255 అయితే మూడూ 255 చేయి. ఐదు లైన్లు. అతనికి నాలుగు నిమిషాలు పట్టింది. ఒక బ్రాకెట్ మరిచిపోయాడు. 3:57కు నడిపించాడు. చుక్కలన్నీ తెల్లగా అయ్యాయని కాన్వాస్ చూపించింది. సేవ్ చేశాడు. పూర్ణిమ ప్రోగ్రాంతో చదివి చూశాడు. హబ్సిగూడ, టిఫిన్ సెంటర్ పైన.

మారలేదు. అతను తెర మీది కాన్వాస్‌ను మార్చాడు. కాన్వాస్ వెనక కంప్యూటర్ దాచుకున్న బొమ్మ వేరే ఉంటుంది. ఫైల్లోకి వెళ్లేది అదే. ఒక లైనులో ఒక పేరు మార్చాలి. 3:58. ఏ లైనో వెతికాడు. 3:59కు మార్చాడు. నడిపించాడు. సేవ్ నొక్కాడు. ఫైలు మీద నమోదైన టైము 3:59:51.

4:00 గంటలకు ముగ్గు చానల్‌లోకి వెళ్లింది. 441 చుక్కలు, అన్నీ తెలుపు. ముఠా భాషలో ఈ రోజు వార్త లేదని అర్థం. మొదటి నిమిషంలో ఇరవై ఆరు మంది బాగుందని రాశారు.

పైన వరండాలో బుచ్చిరాములు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మూడు మాట్ల చేసిన సార్. కూరగాయలు ఏడివి అని అడుగుతరు. నాకేం ఎరుక? నేను బుచ్చిరాములు, ల్యాబ్ అటెండర్‌ని, సార్ చెప్పమన్నడు అంటున్న. పెట్టేస్తున్నరు."

దయాకర్ అతనికి కబురు చెప్పాడు. కోడ్ వాక్యం చెప్పలేదు.

ఫోన్ తీసుకుని తనే చేశాడు. లైను కలవలేదు. కోడ్ చెప్పని గొంతు మూడుసార్లు వస్తే ఆ ఫోన్ శత్రువు చేతిలో పడినట్టు లెక్క. ఆ నంబరు నుంచి ముప్పై నిమిషాలు కాల్ తీసుకోరు. బయటి నంబర్ల నుంచి అసలే తీసుకోరు. ఆ రూలు రాసింది దయాకర్. నాలుగేళ్లుగా అమల్లో ఉంది.

బుచ్చిరాములు అడక్కుండానే బండి తాళం ఇచ్చాడు. పాత మోపెడ్. కిక్ నాలుగోసారికి అందుకుంది. అప్పుడు 4:03. సీతాఫల్‌మండి వైపు గేటు దగ్గర మలుపు తిరుగుతూ ఒక డీసీఎం వ్యాన్ అడ్డంగా ఆగిపోయింది. ముందూ వెనకా ఆటోలు. దయాకర్ బండి అక్కడే పడేసి పరుగెత్తాడు. గేటు వాచ్‌మన్ చూశాడు. టైము 4:09 అయి ఉంటుందని చెప్పాడు.

స్టేషన్ కెమెరాల్లో నమోదైంది ఇది.

4:03. శ్రీలలిత లోపలికి వచ్చింది. నీలం సంచి ఉంది. టికెట్ కౌంటర్ దగ్గర ఒక నిమిషం ఆగింది. ప్లాట్‌ఫాం మీద చివరి బెంచీకి నడిచింది.

4:10. లేచి నిలబడింది. మెట్ల వైపు చూసింది.

4:12. కాచిగూడ మీదుగా ఫలక్‌నుమా వెళ్లే లోకల్ వచ్చింది. ఆమె సంచి చేతిలోకి తీసుకుంది. ఒక బోగీ తలుపు దాకా వెళ్లి, మెట్ల వైపు తిరిగి చూసి, ఆగిపోయింది. 4:13కు రైలు కదిలింది. ఆమె ఎక్కలేదు. బెంచీ దగ్గరికి వచ్చి కూర్చుంది.

4:15. రత్నాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో పెన్ను ఉంది. ఏదో అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. మెట్ల వైపే చూస్తోంది.

4:16. అతను లేచి వెళ్లిపోయాడు. ఆమె తల బెంచీ వెనక్కి ఆనింది.

4:19. దయాకర్ మెట్లు దిగాడు.

ప్లాట్‌ఫాం మీద వేరుసెనగలు అమ్మే అమ్మాజీ అక్కడికి పది అడుగుల దూరంలో ఉంది. ఆమె చెప్పిన ప్రకారం, ఆ మనిషి వచ్చి బెంచీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. భుజం పట్టుకుని కదిపాడు. అమ్మాజీ నీళ్ల సీసా ఇచ్చింది. అతను తీసుకున్నాడు, మూత తీయలేదు.

"వచ్చిన. నేనొచ్చిన," అన్నాడట. రెండుసార్లు.

ఆమె పలికిందా అని అమ్మాజీని అడిగారు. పెదవులు కదిలినట్టు అనిపించిందని, మాట వినలేదని చెప్పింది.

అంబులెన్స్ 4:31కు వచ్చింది. మరణాన్ని డాక్టర్ 4:48కు ధ్రువీకరించాడు. కుడి భుజం వెనక సూది గుర్తు ఉంది.

రత్నాకర్ సాయంత్రం 6:35కు రామంతాపూర్‌లో, తన చెల్లెలి ఇంట్లో దొరికాడు. లోపల సూది ఉన్న పెన్ను అతని జేబులోనే ఉంది. అదే రాత్రి తెల్లవారేలోగా మరో నలుగురిని పట్టుకున్నారు. హబ్సిగూడ ఫ్లాట్‌లోని ఏడుగురిలో ఎవరికీ ఏమీ కాలేదు. బోర్డు మార్చారు.

పూర్ణిమ మరుసటి రోజు తన ప్రోగ్రాం సరిచేసింది. మొన్నటి ముగ్గులో ఒక్క చోటు కాకుండా అన్ని పిక్సెళ్లూ చదివేలా మార్చింది. 11,66,400 పిక్సెళ్లు. చుక్కలు, గీతలు పోను నేల రంగుకు భిన్నంగా ఉన్న ఆ ఒక్కదాన్ని చూపించడానికి ప్రోగ్రాంకు ఆరు సెకన్లు పట్టింది. ఆ సంగతి రిపోర్టులో రాసి ఆమె వేదవతికి ఇచ్చింది. వేదవతి చదివి, ఉదయం 10:50 నాటి కాగితాన్ని దానికి జతచేసి, రెండింటి మీదా తేదీ వేసింది. దయాకర్‌ను పిలిపించింది. అతని తప్పు కాదని అన్నది. అతను ఆ మాట రికార్డులో రాయవద్దని కోరాడు. రాయలేదు.

దహనానికి శ్రీలలిత తల్లిదండ్రులు, డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చారు. ఆమెకు పెళ్లి కాలేదని తల్లిదండ్రులకు తెలుసు. అయిందని ప్రమీలమ్మకు తెలుసు. దయాకర్ గేటు బయట ఉన్నాడు. ప్రమీలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అతను రాలేదు.

శ్రీలలిత కుడి చేతిలో ఉన్న వస్తువును రైల్వే పోలీసులు పంచనామాలో చేర్చారు. కౌంటర్ రికార్డుతో సరిపోల్చి ధ్రువీకరించారు. లోకల్ రైలు టికెట్ ఒకటి. సీతాఫల్‌మండి నుంచి కాచిగూడకు. ఇచ్చిన టైము 16:04. పెద్దలు: ఇద్దరు.